పేట జట్కా సాయిబు

చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గముపై, గుంటూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున చిలకలూరిపేట యున్నది. ప్రత్తి, మిఱప, పొగాకు పండు నల్లరేగడి సీమకు ఇది నడిబొడ్డు. ఇంతటి వ్యాపారస్థలమునకు నేటికిని రైలు లేదు. రైలెక్కగోరు పేటవాసి సుమారు 20 కిలోమీటర్లు పోయి నరసరావుపేట చేరవలసినదే. ఈ యొక్క సంగతిని మనసునం దుంచుకొన్నచో, ఈ పట్టణమున గుఱ్ఱపుబండికి అంతటి ప్రాభవ మేల కలిగెనో, మోటారు వచ్చిన పిదపగూడ అది చాలకాల మేల నిలిచెనో చదువరులకు బోధపడగలదు. రహదారిపై బస్సు దిగినవానికి తన గ్రామము చేరుట మఱియొక ప్రయాణము. ఆ ప్రయాణము జట్కావాని చేతిలో నుండెను.

అట్టి జట్కావారిలో ఒకరిని గూర్చి వ్రాయబూనితిని. ఆయన పేరు పత్రికలో వేయవలదని కుటుంబమువారు కోరిరి గనుక వేయుట లేదు. వేసినను గుర్తుపట్టువారు తక్కువ. ముప్పదియేండ్లకు పైబడి బస్సులు నిలుచుచోట చెట్టునీడను బండి నిలిపిన ఆ మనుష్యుని పేటవారందఱు “సాయిబూ” యనియే పిలిచిరి. 1957 ప్రాంతమున సొంతబండి కట్టి, 1989 వఱకు తోలి, 2006లో ఆయన కాలము చేసెను. బడికి పోలేదు, సభలలో మాటాడలేదు, ఏ పదవిని కోరలేదు. గుఱ్ఱమును మేపుట, కుటుంబమును మేపుట, ఈ రెండు పనులును ఎఱుగును. ఈ రెండును ఒక్కొక్కప్పుడు ఒకదాని కొకటి అడ్డుపడినవి. అట్టి సమయములం దాయన యేమి చేసెనో చెప్పుటకే ఈ నాలుగు మాటలును.

రాజుల గుఱ్ఱములకు మన వాఙ్మయమున కొదువ లేదు. పేటకు ఉత్తరముగా కనబడు కొండవీటి కొండలపై రెడ్డిరాజులు ఏలిన కాలమున, అవచి తిప్పయసెట్టి కుటుంబమువారు హురుముంజి దేశపు మేలుజాతి గుఱ్ఱములను సముద్రముపై తెప్పించిరని శ్రీనాథుని హరవిలాసమువలన తెలియుచున్నది. మనుమంచి భట్టు అశ్వశాస్త్రమును తెలుగు పద్యములలో రచించెను. వీరి కన్నిటికంటె నాకు వింతగా తోచునది మార్కోపోలో వ్రాసిపోయిన సంగతి. 13వ శతాబ్ది చివర మన దక్షిణదేశమును చూచిన ఆ వెనిసు వర్తకుడు, పాండ్యదేశపు రాజు లొక్కొక్కరు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను విదేశములనుండి కొనుచుండిరనియు, వానిని సాకుట తెలిసినవారు లేక అవి యేడాది తిరుగకమునుపే చచ్చుచుండెననియు చెప్పెను. గుఱ్ఱమున కన్నమును మాంసమును ఉడికించి పెట్టిరట! ధనము రాజునొద్ద నుండెను, గుఱ్ఱము సాలలో నుండెను. ఈ రెంటికి నడుమ నుండవలసిన మనుష్యుడు మాత్రము లేడు. ఆ మనుష్యుని విలువ మహాభారత మెఱుగును. అజ్ఞాతవాసమున నకులుడు విరటుని కొలువున గుఱ్ఱములను కాచుపని కొప్పుకొనెను. సైంధవుని వధించుటకు పోవుచు నడుమ రణరంగమున అర్జునుడు రథము నాపి, బాణములతో చాటు కల్పించి, నేల చీల్చి నీరు తెప్పింపగా, శ్రీకృష్ణుడు తేరి గుఱ్ఱముల గాయములను కడిగి, నీరు త్రాపి, దువ్వి, మరల కట్టెను. ప్రొద్దు క్రుంకులోపల ప్రతిజ్ఞ తీఱవలసిన దినమది. ఐనను గుఱ్ఱమునకు విశ్రాంతి తప్పలేదు. ఈ కథను సాయిబు పురాణకాలక్షేపమున విని యుండెను కాబోలు. “కిష్టుడంతటోడే కట్టు విప్పి నీళ్ళు పట్టాడు, మనమెంత బాబూ!” అనుట నా చెవులార వింటిని.

ఆయనది దూదేకులవారి కుటుంబము. ఇంట తెలుగే మాటాడుదురు. తండ్రి వింటినారిని కఱ్ఱగుదియతో మీటుచు దూది యేకినవాడు. పరుపులు, బొంతలు కుట్టించుకొనువారు పిలిచిన ఇంటికెల్ల విల్లు భుజమున వేసికొని పోయెడివాడట. ఈ సీమలో పండు ఒకవిధమైన ఎఱుపుచాయ ప్రత్తి వర్తకులలో కాకినాడ ప్రత్తియను పేర దేశాంతరములకు పోవుచుండెను. తరువాత పేట చుట్టుపట్ల ప్రత్తిమిల్లులు లేచినవి. గింజ తీయుటకు, దూది యేకుటకు, బేళ్ళు కట్టుటకు యంత్రములు వచ్చినవి. ఖద్దరు ఉద్యమము సాగిన దినములలో ఏకులకు కొంత గిరాకి కలిగి ఆ వృత్తికి ఊపిరి పోసినదిగాని, అది పది కుటుంబములకు అన్నము పెట్టునంతటిది కాదు. ఆ విధముగా ఒక యంత్రము తండ్రిని వీధిలో నిలిపినది. ముప్పదినలువదియేండ్ల పిదప మఱియొక యంత్రము కొడుకును నిలిపినది. ఒకే యింట రెండుతరములు వరుసగా ఈ దెబ్బ తినుట నేను వేఱెక్కడను ఇంత స్పష్టముగా చూచి యుండలేదు.

పండ్రెండేండ్ల ప్రాయమున ఆయన ఒక జట్కా యజమాని యింట గుఱ్ఱపు సాలలో పనికి కుదిరెను. జీతము మాటెట్లున్నను, రెండుపూటల తిండి యుండెను. పేడ యెత్తుట, గడ్డి కోసి తెచ్చుట, ఉలవలు నానవేయుట, రాత్రులు సాలలోనే పండుకొనుట ఆయన పని. గుఱ్ఱము నిలుచుండియే నిద్రించు నని మొదటి రాత్రి తెలియక, అది తనను కాచుచున్న దనుకొని ధైర్యముగా నిద్రపోతినని ముసలితనమున నవ్వుచు చెప్పెడివాడు. అక్కడ పదియేండ్లకు పైగా పనిచేసి, కూడబెట్టిన కొంచెమునకు అప్పు కలిపి, ఒక పాతబండిని ముసలిగుఱ్ఱమును కొనెను. చిట్టి యను ఆడుగుఱ్ఱము మూడవది. 1973లో, ఇంకను పండ్లు పూర్తిగా మాఱని పిల్లగా, కర్నూలు వైపునుండి వచ్చిన ఒక బేరగానివద్ద దానిని కొనెను. గుఱ్ఱము కొనువారు నుదుట, మెడను, డొక్కలయందు సుడులు లెక్కించి శుభాశుభములు నిర్ణయించుట శాస్త్రమునను కలదు, లోకాచారమునను కలదు. చిట్టికేదో చెడ్డసుడి యున్నదని తక్కినవారు వెనుదీసిరట. “నేను సుడి చూడను బాబూ, డెక్క చూస్తాను. రోడ్డు మీద నడిచేది సుడా, డెక్కా?” అని ఆయన చెప్పిన సమాధానము. చెడ్డసుడి యుండుటచే వెల కొంత తగ్గిన దనుమాట కూడ దాచలేదు.

ఆ యింటి దినచర్యను ఆయన పెద్దకుమార్తె నాకు వివరముగా చెప్పినది. తెల్లవాఱుజామున మూడుగంటలకు సాయిబు లేచును. మొదట గుఱ్ఱమునకు నీరు, తరువాత కొంచెము గడ్డి, అటుపిమ్మట మాలీసు. గడ్డిచుట్టతో ఒడలెల్ల రుద్ది, డెక్కలలో ఇఱుకుకొన్న రాళ్ళను ఇనుపమొనతో తీసి, లాడములు వదులైనవేమో వ్రేలితో తట్టి చూచును. నెల, నెలన్నర కొకసారి లాడములు విప్పించి, పెరిగిన డెక్కను చెక్కించి, మరల కొట్టింపవలయును. చేతిలో డబ్బు లేదని ఈ ఖర్చును వారము వాయిదా వేసిన జట్కావాడు నెలదినములు బండి నిలుపుకొనునట. నడుమ ఆ యిల్లాలు పొయ్యిపై ఉలవలకుండ నెక్కించును. గుఱ్ఱమునకు ఉలవ బలమైన మేత. ఇంగ్లీషువారు ఆ ధాన్యమునకు గుఱ్ఱము పేరే పెట్టిరి. ఉలవలు మెత్తగా ఉడికిన తరువాత గింజను వార్చి చల్లార్చి తవుడు కలిపి గుఱ్ఱమునకు పెట్టుదురు. క్రింద మిగిలిన చిక్కని కట్టులో చింతపండు, ఉప్పు, మిఱపకాయ వేసి మరల కాచి పిల్లలకు జొన్నన్నములోనికి పోయుదురు. గింజ చిట్టికి, కట్టు పిల్లలకు. ఒకే కుండ, ఒకే పొయ్యి. ఐదుగురు పిల్లలును దానితోనే పెరిగిరి. నేడు ఆ ఉలవచారునే పెద్దపెద్ద భోజనశాలలలో వెన్నమీగడతో వడ్డించి హెచ్చువెల కట్టుచున్నారు; దాని పుట్టుక పశువుల సాలలోనని తినువారిలో ఎంతమంది కెఱుక!

ఈ యేర్పాటు సుఖముగా సాగినదని చదువరులు భ్రమపడవలదు. ఉలవల వెల పెరిగిన సంవత్సరములు గలవు. బేరములు లేని వానకాలములు గలవు. చేతిలో పది రూపాయలున్నప్పుడు బడిపుస్తకములకా, ఉలవలకా యను ప్రశ్న ఆ యింట ఎన్నోసారులు లేచినది. సాయిబు ప్రతిమాఱును ఉలవలనే తెచ్చెను. భార్య వాదించెడిది. “పిల్లలు నీకంటికి కనపడరా?” అని అడిగెడిది. “దాని కడుపు మాడిస్తే రేపు పిల్లల కడుపు మాడుద్ది” అని ఆయన జవాబు. లెక్కగా చూచిన ఆ మాటలో తప్పు లేదు. కాని పెద్దకుమార్తె యీ సంగతి చెప్పుచు, తాను అయిదవ తరగతితో చదువు మానినదని కూడ చెప్పినది. నాయనపై కోపమున్నదా యని అడుగుటకు నాకు నోరాడలేదు. ఆమెయే కొంతసేపటికి, “కోపమెందుకండీ, అది కూడా మాతోనేగా ఆకలికున్నది” అని ఊరకుండెను. ఆయన ప్రేమకు ఈ విధమగు వెల యొకటి కలదు. దానిని విడిచి వ్రాసినచో నేను ఆయనకు స్తోత్రపాఠము చదివినవాడనగుదును గాని, సత్యము చెప్పినవాడను కాను.

జట్కా తోలుట సులభమని కూర్చున్నవా రనుకొందురు. రెండు చక్రముల బండి త్రాసువంటిది, ఇరుసే ములుకఱ్ఱ. వెనుక బరువెక్కువైన నొగలు పైకి లేచి, గుఱ్ఱము పొట్టక్రింది పట్టెడ బిగిసి దానిని పైకెత్తును. ముందు బరువెక్కువైన ఆ భారమంతయు దాని వెన్నుపై పడును. అందువలన సాయిబు ప్రయాణికులను ఎక్కించుట ధాన్యము తూచుట వలె నుండెడిది. “లావుపాటి అయ్యగారు మధ్యలోకి రావాలి. పిల్లలు ముందుకి. అమ్మగారూ, ఆ మూట నా కాళ్ళ దగ్గర పెట్టండి.” ఎత్తు ఎక్కునప్పుడు అందఱిని ముందుకు వంగుమనును; పల్లము దిగునప్పుడు వెనుకకు వాలుమనును. నొగపై చేయివేసి ఒక్కసారి నొక్కి చూచి, తృప్తి కలిగిన పిదపనే పగ్గములు అందుకొనును. గడ్డిపై గోనెపట్టా పఱచిన ఆ యాసనమునుండి వచ్చు వాసన నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. మా తాతగారి గ్రామమునకు సెలవులలో పోవునప్పుడెల్ల మేము ఎదురుచూచినది ఆ బండికొఱకే. కొరడా ఒకటి ఆయనవద్ద నుండెను. దాని కొనకు ఎఱ్ఱకుచ్చు కట్టి యుండెను. దానిని గాలిలో ఆడించుట చూచితినిగాని, చిట్టిపై పడుట చూడలేదు.

పెండ్లిండ్లలో చిట్టికి ప్రత్యేకమగు గౌరవముండెను. చిలకలూరిపేట నాదస్వరమునకు పేరుపొందిన ఊరు. కరవదికి చెందిన షేక్ చినమౌలానా ఈ పేటలో ఆదం సాహేబువద్ద శిష్యరికము చేసియే పిదప దేశమంతట కీర్తి గడించెను. ఊరేగింపులో నాదస్వరము సాగుచుండగా చిట్టి చెవులు నిక్కించి మెల్లగా అడుగులు వేయునట. బ్యాండుమేళమునకు, టపాకాయలకు మాత్రము బెదరెడిది. ఆ రెండును ఉన్న పెండ్లికి ఎంత యిచ్చినను సాయిబు ఒప్పుకొనలేదు. సినిమాహాలువారు ప్రకటనకాగితములు పంచుటకు, మైకు కట్టి ఊరు త్రిప్పుటకు బండి నడిగినప్పుడును, మైకు ముందువైపునకు త్రిప్పగూడదని షరతు పెట్టెను.

ఇక నాకు సంబంధించిన యొక సంగతి చెప్పవలయును. అది 1987 ప్రాంతమున వానకాలము. నాకు ఎనిమిదేండ్లుండును. మా తాతగారు కొంత భూవసతి గలవారు, కొంత కోపిష్ఠి. రహదారి దిగి మా గ్రామమునకు పోవు త్రోవ నాటికి మట్టిబాట. రేగడినేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. వాన కురిసిన పిదప చక్రమునకు చుట్టుకొని అడుగడుగునకు బరువు పెంచును. ఎద్దులు మెల్లగా లాగి బయటపడగలవు. గుఱ్ఱము ఉఱికి లాగబోయి కాలు విఱుగగొట్టుకొనును. బాట మొదట సాయిబు బండి నాపి దిగుమనెను. తాతగారు రెట్టింపు కూలి యిత్తుననిరి. ఆయన తల యూపలేదు. తాతగారు లేచి కొరడా అందుకొన్నారు. అప్పుడు సాయిబు గుఱ్ఱమునకు ముందుగా వచ్చి నిలిచి, గొంతు పెంచకుండ ఇట్లు చెప్పెను: “అయ్యగారూ, మీకు పనుంది, నాకు కూలి కావాలి. దానికేం కావాలో అది చెప్పలేదు. దాని మాట నేనే చెప్పాలి.” అట్లని మమ్ము విడిచి పోలేదు. బండిని గట్టుమీద నిలిపి, చిట్టిని చెట్టుకు కట్టి, మా మూటలను నెత్తిన పెట్టుకొని, నన్ను చంకనెత్తుకొని బురదలో గ్రామమువఱకు నడిచెను. తాతగారు వెనుక చెప్పులు చేతబట్టుకొని నడిచిరి. ఆరునెలలు ఆయన బండి యెక్కలేదు. పిదప ఎక్కిరి. ఆ దినమున కూలి యిచ్చిరో లేదో నాకు జ్ఞాపకము లేదు. ఇచ్చియుందురని నమ్మగోరుదును.

గుఱ్ఱములను హింసించిన జట్కావారు లేరా యనిన, కలరు. మెడమీది పుండుపై కాడి మోపి, ఎనిమిదిమందిని కుక్కి, గసపెట్టుచున్న బక్కగుఱ్ఱమును బాదుచు పోవు బండ్లను మన పట్టణములలో చూడనివారుండరు. ఇంగ్లండున అన్నా సెవెల్ అను ఆమె 1877లో ఒక గుఱ్ఱము తన కథ తాను చెప్పుకొన్నట్లు నవల వ్రాసి, అద్దెబండ్ల గుఱ్ఱముల కష్టములను లోకమునకు చాటెను. మన దేశమున 1890లోను, మరల 1960లోను జంతుహింసా నివారణ చట్టములు పుట్టినవి. 1965 నాటి నిబంధనల ప్రకారము బండిగుఱ్ఱముచేత దినమునకు 9 గంటలకు మించి గాని, ఎడతెగక 5 గంటలకు మించి గాని పని చేయింపరాదు. వేడిమి 37 డిగ్రీలు దాటు చోట్ల మధ్యాహ్నము 12 మొదలు 3 గంటలవఱకు తోలరాదు. నిబంధన మంచిదే. కాని మన సీమలో చైత్రము మొదలు జ్యేష్ఠమువఱకు 37 డిగ్రీలు దాటని మధ్యాహ్న మెన్నడు? ఆ మూడుగంటలు బండి విప్పినవాని కుటుంబమునకు ఆ పూట అన్న మెవరు పెట్టుదురో నిబంధన చెప్పదు. డొరతీ బ్రూక్ అను ఆంగ్లవనిత 1930లో ఈజిప్టు చేరి, మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప బ్రిటిషు సైన్యము అమ్మివేసిన గుఱ్ఱములు కెయిరో వీధులలో ఎముకలగూళ్ళై బండ్లు లాగుట చూచెను. చందాలు వసూలుచేసి వానిని కొనెను. 1934లో గుఱ్ఱముల ఆసుపత్రి పెట్టెను. కొన్నప్పుడు ఆ బీదవారిని ఆమె తిట్టలేదు. చేతికి ధర యిచ్చి పంపెను. గుఱ్ఱము డొక్క చూచిన యజమాని డొక్క తెలియునని ఆమె గ్రహించినట్లున్నది. సాయిబు విషయమున మాత్రము ఈ లెక్క కుదరదు. ఆయన డొక్కలే ముందు కనబడెడివి.

1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపాను మన తీరవాసులు మఱచునది కాదు. దివిసీమను ఉప్పెన ముంచి పదివేలమందికి పైగా ప్రాణములు గొన్నది. గాలి గుంటూరు, ప్రకాశము జిల్లాలను ఊడ్చినది. పేటలో ఆ సాయంకాలము గుఱ్ఱపుసాలపై తాటాకులు మొదట ఎగిరిపోయినవి. సాయిబు చిట్టిని విప్పి ఇంటిలోనికి తోలుకొని వచ్చెను. ఇల్లనగా ఒక గది, ఒక వసారా. గుఱ్ఱము లోపలికి వచ్చిన పిదప మనుష్యులకు చోటు మిగులలేదు. ఐదుగురు పిల్లలు దాని ప్రక్కను గోడకు ఆనుకొని కూర్చుండిరి. దీపము నిలువలేదు. చీకటిలో అది కదలి పిల్లలను త్రొక్కునేమో యని తల్లి భయపడగా, సాయిబు దాని ముక్కుత్రాడు పట్టుకొని రాత్రియెల్ల నిలుచుండి, మెడ నిమురుచు, ఏదో చెప్పుచునే యుండెనట. ఏమి చెప్పెనని నేనడిగితిని. “ఊళ్ళ పేర్లండీ. నాదెండ్ల, గణపవరం, ఎడ్లపాడు, కావూరు... అదెరిగిన ఊళ్ళన్నీ వరసగా చెప్పాడు” అని కుమార్తె చెప్పినది. వేకువకు గాలి తగ్గినది. అది డెక్క యెత్తి వేఱొకచోట పెట్టలేదని ఆమె నేటికిని ఆశ్చర్యపడును.

1958లో రోడ్డురవాణాసంస్థ యేర్పడి, క్రమముగా బస్సులు గ్రామములకు పోసాగినవి. నాగార్జునసాగరు కుడికాలువ నీరు వచ్చినది, పంటలు మాఱినవి, కొందఱి చేతులలో డబ్బు ఆడినది, మట్టిబాటలు కంకరబాటలైనవి. బాట బాగుపడిననాడు జట్కా బాగుపడవలసినది గదా! కాని ఆ బాగుపడిన బాటపై ఆటో వచ్చినది. ఉలవ తినదు, అలసిపోదు, బురదకు వెఱవదు. దేశమంతటను ఇదే కథ. 2012 పశుగణనలో సుమారు 6.25 లక్షలున్న గుఱ్ఱములు, టట్టువులు 2019 నాటికి 3.4 లక్షలకు దిగినవి. బొంబాయిలో విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని 2015లో అచ్చటి హైకోర్టు తీర్పు చెప్పెను. పేటలో తీర్పులతో పని లేకపోయినది. 1988 నాటికి చెట్టుక్రింద నాలుగైదు బండ్లు మిగిలినవి. సాయిబు ప్రొద్దున వచ్చి నిలుచును. ఆటోలు నిండి పోవుచుండును. ముసలివాండ్రు, మూటలవాండ్రు, పాతపరిచయము వదలనివారు మాత్రము ఆయన బండి యెక్కిరి.

పెద్దకొడుకు వాయిదాలపై ఆటో కొన్న దినమున ఆ యింట జరిగిన గొడవ పెద్దది. కొడుకు తండ్రిని గౌరవించనివాడు కాడు. కాని ఆటో వాయిదా కట్టవలయును. చెల్లెలి పెండ్లి చేయవలయును. పనిలేని గుఱ్ఱమునకు దినమునకు ఇన్ని ఉలవలు, ఇంత గడ్డి యెక్కడనుండి వచ్చును? పెండ్లి బ్యాండువా రొకరు చిట్టిని కొందు మని వచ్చి యుండిరి. కొడుకు బేర మాడెను. వయసు మీఱినందున వెల తక్కువయే చెప్పిరి. అదియైనను చేతికి వచ్చునది. సాయిబు మాటాడక మంచముపై కూర్చుండెను. ముప్పదియేండ్లు ఉలవల విషయమున భర్తతో పోరాడిన ఆ యిల్లాలు అప్పుడు వాకిటికి వచ్చి బ్యాండువారితో, “మీ మేళానికి అది బెదురుద్ది. అమ్మం” అని చెప్పి పంపివేసినదట. కొడుకు విస్తుపోయి, “నువ్వేనా అనేది?” అనెను. “దానితో పోట్లాడింది నేను. పెట్టొద్దని నేననొచ్చు. నువ్వనకూడదు. నువ్వు దాని ఉలవల నీళ్ళు తాగి పెరిగావు” అని ఆమె ఉత్తరము. ఆ మాటకు కొడుకు జవాబు చెప్పలేదు. మఱునాటినుండి ఆటో మొదటి బేరపు డబ్బులు ఉలవలకు పోయినవి. ఆ కొడుకు నాతో ఈ సంగతి చెప్పుచు, “మూడు వాయిదాలు తప్పానండీ. ఫైనాన్సువాళ్ళు ఇంటిమీదికొచ్చారు” అని కూడ చెప్పెను. కృతజ్ఞత యనునది వాయిదాలు కట్టదు.

1989 మొదలు 1993 వఱకు చిట్టి పని లేకయే మేపబడినది. సాయంకాలము సాయిబు దానిని పగ్గముతో నడిపించుకొని రహదారివఱకు పోయి వచ్చెడివాడు. బండి లేదు, బేరము లేదు. ఇరువురును ప్రక్కప్రక్కన నడచెడివారు. ఆటోవాండ్రు హారను మ్రోగించి “సాయిబూ, ఎక్కుతావా?” యని పరిహాసమాడెడివారట. 1993లో ఒక రాత్రి దానికి కడుపునొప్పి వచ్చినది. గుఱ్ఱమునకు వాంతి కాదు; కడుపున బిగిసినది పైకి వచ్చుదారి లేదు; అందుచే ఈ నొప్పి దానికి తఱచుగా ప్రాణాంతక మగును. పశువైద్యుడు వచ్చి సూదివేసెను. పండుకొననీయక నడిపించుచుండుమనెను. తండ్రియు కొడుకును వంతులు వేసికొని నడిపించిరి. ఇరువదియేండ్లు ఆ యింటిని మోసిన గుఱ్ఱము తెల్లవాఱునప్పటికి పడిపోయినది. పాతిపెట్టుటకు ఆ కుటుంబమునకు సెంటు భూమి లేదు. పేటకు దగ్గఱనే ప్రత్తిచేనుగల ఒక రైతు, వెనుక ఎన్నడో తన భార్యను పురుటినొప్పులతో అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చిన బండి అది యని జ్ఞాపకము తెచ్చుకొని, తన చేనిగట్టున చోటిచ్చెను. కొడుకు, ఆటోవాండ్రిద్దఱు కలిసి గొయ్యి త్రవ్విరి. వారిలో ఒకడు హారను మ్రోగించి నవ్వినవాడే.

రష్యను కథకుడు చెహోవ్ 1886లో ఒక కథ వ్రాసెను. కొడుకు చనిపోయిన దుఃఖమును బండివాడొకడు ఎక్కినవారి కెల్ల చెప్పబోవును, ఎవరును వినరు, తుదకు రాత్రి సాలలో తన గుఱ్ఱమునకు చెప్పుకొనును. సాయిబునకు గుఱ్ఱమే పోయినది. చెప్పుకొనుటకు మనుష్యులున్నారు గాని, ఆయన యెవరితోను చెప్పలేదు. మూడునాలుగు వారములవఱకు తెల్లవాఱుజామున మూడుగంటలకు లేచి వాకిట కూర్చుండెను. ఇల్లాలును లేచి పొయ్యి వెలిగించెడిది. ఉలవలు తెచ్చుట మానిరి గనుక, ఆ వేళకు ఏమి వండవలయునో ఆమెకు తోచక వట్టినీరు కాచెడిదట.

మొన్న నేను ఆ యింటికి పోయితిని. ఇప్పుడది డాబా. కొడుకునకు అఱువదియేండ్లు దాటినవి. ఆటో నాయన మనుమడు తోలుచున్నాడు. మనుమరాలు గుంటూరున కళాశాలలో చదువుచున్నది. భోజనమునకు కూర్చుండబెట్టిరి. కోడలు ఉలవచారు వడ్డించినది. నేను వ్రేళ్ళు నాకుచు, కట్టు మనము త్రాగుచున్నాము గదా, వార్చిన గింజ యేమి చేయుచున్నారమ్మా యని అడిగితిని.

“బర్రెకి పెడతన్నామండీ. అది తినదు, తవుడేస్తేనే తింటది” అనెను.